పిట్టల కాడ పోయిన బేరం

మాది గోదావరిఖని. కిరాణా దుకాణంలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, ఎవరే లెక్క చెప్పినా సగానికి బేరమాడటం నాకు అలవాటు. మొన్న చలికాలంలో, గనిలో పనిచేసే మా అక్క మొగుడు "మట్టిగుట్టల వెనక కుంటల ఇరవై రకాల పిట్టలు దిగినయి" అన్నాడు.

"ఇరవై ఎక్కడియి బావా? పదికి ఒప్పుకుంట."

"పిట్టల కాడ గూడ బేరమేనా? పది దాటితే, ఆదివారం అంగట్ల నువ్వు బేరం చెయ్యకుండ కూరగాయలు కొనాలె."

సరేనని వెళ్లాను. వాన నీళ్లు నిలిచి, ఎండాకాలానికి ఎండిపోయే కుంట అది. చూడగానే నా దుకాణం తెలివి మేల్కొంది.

"తెల్లయన్ని కొంగలు, ఒక రకం. నల్లయన్ని నీటికాకులు, ఇంకో రకం. అయిపాయె!"

"దగ్గరికి పోయి చూడు."

పంతంకొద్దీ దిగి, మోకాళ్లదాకా బురదలో కూరుకుపోయాను. ఎంత లాగినా కాలు రాలేదు. బావ కొమ్మ కోసం పరుగెత్తాడు. కదలకుండా నిలబడ్డ నన్ను గుంజ అనుకున్నాయేమో, పిట్టలు దగ్గరికొచ్చాయి. తెల్లవాటిలోనే ఒకదానికి పసుపు పాదాలు, ఒకదానికి గరిటెలాంటి ముక్కు. ఇంకొకటి సందున్న ముక్కుతో నత్తను నొక్కుతోంది. ఆకుల మీద నడిచేదొకటి, పొడుగు ఎర్రకాళ్లదొకటి... భయం మరిచి లెక్కపెడుతుంటే పది దాటిపోయింది.

"ఎన్నాయె మరదలా?" ఒడ్డు నుంచి బావ కేక.

"ముందు బయటికి గుంజు బావా!"

ఆదివారం నోరు మూసుకుని, అడిగినంత ఇచ్చి టమాటాలు తీసుకున్నాను. కూరగాయల అవ్వ కంగారుగా నా నుదురు తాకింది.

"పాణం బాగలేదా బిడ్డా?" అంటూ గుప్పెడు కొత్తిమీర ఊరికే సంచిలో వేసింది.

ఇన్నేళ్లు బేరమాడినా నాకెన్నడూ అంత కొత్తిమీర రాలేదు!