నీళ్లు తాగని ప్రయాణం

మొన్న ఆదివారం మా బామ్మర్ది కొడుకు లగ్గం మాటలకని సిరిసిల్ల నుంచి కోరుట్లకు కారులో బయలుదేరాం. కారు నా కొడుకు నడుపుతున్నాడు. పక్కన మా ఇంటామె, వెనుక నేనూ నా బిడ్డా, మా మధ్య ఆమె మూడేళ్ల కూతురు. ఎండ మండిపోతోంది. వేములవాడ దాటకముందే మనవరాలు రెండుసార్లు నీళ్లు తాగి, మూడోసారి నా అంగీ మీద ఒలకబోసింది. మా బిడ్డ సీసా మూత తీస్తుంది, పిల్లకు తాగిస్తుంది, మూత బిగిస్తుంది. తాను మాత్రం నోట పోసుకోదు. పెదవులు ఎండి పొట్టు లేచి ఉన్నాయి. "నువ్వు గూడ ఒక బుక్క తాగరాదు బిడ్డా" అన్నాను. "నాకు దూపైతలేదు బాపూ" అంది. అంత ఎండలో దాహం కాని మనిషి ఉంటుందా అని నేను దాన్నే పట్టుకుని కూర్చున్నాను.

నాది లెక్కల జబ్బు. బడి ఎనిమిదో తరగతితోనే ఆగింది. ఆ తరువాత చదువంతా సాంచాల షెడ్డులోనే. ఆ మరమగ్గాల మోతలో నిలబడి, ఏ సాంచ మీద ఏ బట్ట ఎప్పటికి దిగుతుందో కాగితం ముట్టకుండా చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. ఒకరు నేర్పిన విద్య కాదు కనుక దాన్ని ఎక్కడ ఆపాలో కూడా ఒకరు చెప్పలేదు. పెళ్లిలో బంతికి కూర్చుంటే విస్తళ్లు లెక్కపెడతాను, తోవలో కిలోమీటరు రాళ్లు లెక్కపెడతాను. మా ఇంటామె దీన్ని చాలా కాలం ఓర్చుకుని, తరువాత వినడం మానేసింది. ఆ పూట నేను వెనక్కి లెక్కవేశాను. మా బిడ్డ పెళ్లికి వేములవాడ పోయిన ప్రయాణం, పరీక్షలకు కరీంనగర్ పోయిన బస్సులు, ఒక్కొక్కటే తిరగేస్తూ పోయాను. బండి కదిలాక ఆమె నీళ్లు తాగగా నేను చివరిసారి చూసింది ఆమెకు ఏడేళ్లప్పుడు. ఆ రోజు కూడా మేం పోయింది ఈ వైపుకే.

అప్పుడు మా అత్త జగిత్యాల దవాఖానాలో ఉంది. పొద్దున్నే బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, అవ్వకు జర సీరియస్ ఉన్నది. అక్కను తీసుకొని రాండ్రి." అంతే, పెట్టేశాడు. తల్లిని వాళ్లిద్దరూ అవ్వ అనే పిలిచేవాళ్లు. నేను షెడ్డు ఆసామిని బతిమాలి ఆయన పాత వ్యాను తెచ్చాను. దాని వెనుక తలుపు మూయాలంటే ఒకరు లోపలి నుంచి గుంజాలి, ఒకరు బయటి నుంచి తన్నాలి. పిల్లలకు అసలు సంగతి చెప్పలేదు, అమ్మమ్మ దగ్గరికి పోతున్నాం అన్నాం. దాంతో ఇంట్లో సగం పండుగ, సగం ఏడుపు. బిడ్డ ఎర్ర రిబ్బన్లు కట్టుకుంది. నాలుగేళ్ల కొడుకు "మామ ట్రాక్టర్ ఎక్కిస్తడా? నేనే నడుపుతనా?" అని తల్లి కొంగు పట్టుకు తిరిగాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూనే "ఆ, నడుపుదువు" అంది.

ఆమె కోరింది ఒక్కటే. తల్లి కళ్లు తెరిచి ఉండగా తన చేత్తో నోట్లో నాలుగు చుక్కల నీళ్లు పోయాలి. "ఆడబిడ్డ నీళ్లు పోస్తెనే పానం సల్లగ పోతది" అని మా దిక్కు మాట. ఇంటి బిందెలోంచి ఒక సీసా నింపి బిడ్డ ఒళ్లో పెట్టింది. "మనకూ ఇవే, అమ్మమ్మకూ ఇవే. నువ్వే పట్టుకోవాలె" అని అప్పజెప్పింది. బిడ్డకు అది పెద్ద ఉద్యోగం. ఆ గొప్పలో మాటిమాటికీ ఒక గుక్క తాగింది. ఆ గుక్కలన్నీ ఎక్కడో ఒకచోట దిగాలి గదా.

వేములవాడ దాటగానే మొదటిసారి వ్యాను ఆపాను. తరువాత కొడుకు వాంతి చేసుకున్నాడు. వాడు ఎంత సూటిగా చేశాడంటే, తల్లి మార్చుకునేందుకు తెచ్చుకున్న చీర సంచిలోకే చేశాడు. సంచి కడగడానికి ఒక బోరింగు దగ్గర ఆగాం. చేతిపంపు కొడుతుంటే వాడికి నీళ్లలో ఆట దొరికింది, వాణ్ని ఎత్తి వ్యానులో పడేయవలసి వచ్చింది. ఇంకొంచెం దూరం పోగానే బిడ్డ మళ్లీ "బాపూ, ఒంటికొస్తంది" అంది. ఆపాను. పొద్దు ఎక్కుతోంది. మా ఇంటామె ముందుకే చూస్తోంది. పక్క నుంచి చూస్తే దవడ ఎముక కదలడం కనిపిస్తోంది.

జగిత్యాల ఇంకా రాకముందే రెండో ఫోన్. "బావా, దవాఖానకు పోకుండ్రి. అవ్వను ఇంటికి తీసుకపోతున్నం. మల్లాపూర్‌కే రాండ్రి." నేను ఆ మాట చెప్పగానే ఆమె మొహం విచ్చుకుంది. ఆ రోజంతటిలో ఆమెను అలా చూడడం అదొక్కసారే. "ఇంటికి తీసుకపొమ్మన్నరంటే తక్కువైనట్టే గదా?" అంది. "అయ్యుండచ్చు" అన్నాను. డాక్టర్లు ఇంటికి పంపేది రెండు రకాల వాళ్లనని నాకు తెలుసు. కానీ ఇందులో ఏ రకమో లెక్క కట్టడానికి నా దగ్గర ఇంకా ఆధారం లేదు.

జగిత్యాల దాటాక బిడ్డ మరోసారి ఒంటికొస్తందని అంది. వ్యాను నెమ్మదించింది. అప్పుడు మా ఇంటామె వెనక్కి తిరిగింది. అరవలేదు, మామూలుగానే అంది. "నువ్వు గిట్ల ఆపుకుంట ఆపుకుంట పోతే మా అవ్వ ఆగుతదా బిడ్డా?"

బిడ్డ తల్లి మొహం చూసింది, ఒళ్లో సీసా చూసుకుంది. రెండు మోకాళ్లూ దగ్గరికి బిగించి "ఇప్పుడు వస్తలేదు బాపూ, పోనియ్యి" అంది. నేను అయినా ఆపి దింపాను. పోయి, పరుగెత్తుకుంటూ వచ్చి, ఆ సీసాకు మూత గట్టిగా తిప్పి రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

కోరుట్ల దగ్గర పడుతుండగా మూడో ఫోన్. "బావా, పిల్లలకు కోరుట్లల్నే ఏమన్న తినవెట్టుకొని రాండ్రి." వెనుక మనుషుల గొంతులు చాలా వినిపించాయి. ఏడుపు వినబడకుండా ఫోన్ పట్టుకుని దూరంగా వచ్చి మాట్లాడుతున్నాడని అర్థమైంది. మా దగ్గర చావు ఇంట్లో పొయ్యి ముట్టించరు. దూరంలో ఉన్నవాళ్లకు చావు మాట ఫోన్లో చెప్పరు, సీరియస్ అంటారు. తోవలో ఏ లారీ కిందో పడతారని భయం. పాపం మంచికే చేస్తారు. నాకు లెక్క తేలిపోయింది. పక్కన కూర్చున్న మనిషికి తేలలేదు.

కోరుట్ల బస్టాండు దగ్గర హోటల్ ముందు వ్యాను ఆపాను. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "ఆడ పానం మీదికి వస్తే మీకు గిప్పుడు ఇడ్లీలా?" అంది. వ్యాను దిగలేదు. చెప్పేద్దామా అనుకున్నాను. ఆ బస్టాండు నడుమ, ఆ జనంలో, ఆమె తన తల్లిని పోగొట్టుకోవడానికి అది చోటు కాదనిపించింది. కొడుకు మాత్రం "నాకు రెండు ఇడ్లీలు, ఒక వడ, ఇంకొక వడ" అని లెక్క చెప్పాడు. వాడు నా కొడుకే. బిడ్డ తినలేదు. "నాకు ఆకలైతలేదు, దూపైతలేదు, ఒంటికొస్తలేదు" అని మూడూ ఒక్కసారే చెప్పింది, నేను ఏదీ అడగకముందే.

మల్లాపూర్‌లో ఇల్లున్న గల్లీ మలుపు తిరిగేసరికి కుర్చీలు వేసి ఉన్నాయి, మగవాళ్లు తలలు వంచుకుని కూర్చున్నారు. మా ఇంటామె వ్యాను ఆగకముందే తలుపు తీసింది. బామ్మర్ది ఎదురొచ్చి పట్టుకున్నాడు. "జర్రసేపే అయిందక్కా. నీ పేరే కలవరిచ్చింది. మీరు జర్ర ముందొస్తె చూస్తుంటివి." ఇదీ మంచికే అన్న మాట. చివరిదాకా నిన్ను తలుచుకుంది అని చెప్పడం కోసం అన్నది. "జర్రసేపా తమ్మీ" అంటూ ఆమె కింద కూలబడింది. కూలబడుతూ వ్యాను వైపు చూసింది. బిడ్డ మెట్టు మీద నిలబడి ఉంది, రిబ్బన్ ఒకటి ఊడి వేలాడుతోంది. సీసాలో అడుగున కొంచెం నీళ్లున్నాయి. అది ముందుకు చాపి, "అమ్మా, అమ్మమ్మకు మిగిలిచ్చిన" అంది.

ఆ నీళ్లే పోశారు. మూసుకుపోయిన నోటిలోకి పోలేదు. చెంప మీదుగా జారి చెవి వెనక్కి పోయాయి.

నేను మా అత్త కాళ్లు మొక్కాను. వేళ్లు కర్రల్లా ఉన్నాయి. మూలన బీర్పూర్ నుంచి వచ్చిన ఆమె అక్క కూర్చుని ఉంది. ఆ వయసులో బస్సులు మారి రావలసిన మనిషి మాకంటే ముందు చేరి, ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుని కూడా అయింది. ఆమెకు కబురు ఎప్పుడు పోయి ఉండాలో లెక్కకట్టాను. మేం సిరిసిల్లలో వ్యాను తలుపు తన్నకముందే అంతా అయిపోయింది. ఏ బోరింగు దగ్గరా ఆగకపోయినా, ఎవరూ దూప అనకపోయినా, మేం చూసేది అదే. మూడోనాడు ఈ మాట మా ఇంటామెకు చెప్పాను. చాలాసేపు ఏడ్చి, తమ్ముణ్ని ఏమీ అనకుండా ఊరుకుంది. ఆ రాత్రి బిడ్డను పక్కలో వేసుకుని పడుకుంది. పిల్లలు మరిచిపోతారు అని మేమిద్దరం అనుకున్నాం.

మొన్న కారులో, రుద్రంగి దాటాక, ఆ లెక్కంతా బిడ్డకు చెప్పాను. ఫోన్లు, ఇడ్లీలు, బీర్పూర్ ముసలామె, వరుసగా, ఒక్కటీ వదలకుండా. ఆమె వింటూ కూతురి తల నిమురుతోంది. అంతా అయ్యాక అంది.

"నాకు ఎర్కే బాపూ. పదో తరగతిల ఉన్నప్పుడే సమజైంది. సీరియస్ అంటే ఏందో అందరికి తెల్వదా?"

"మరి?"

"మరేం లేదు. బండెక్కితే దూప కాదు. గంతే."

ముందు సీట్లో మా ఇంటామె నిద్రపోతోందనుకున్నాను. పోవడం లేదు. తల తిప్పకుండానే అంది. "బిడ్డా, జరసేపు ఆపుమందునా? దిగుతవా?"

"వద్దమ్మా. అక్కడ మామ ఎదురుచూస్తుంటడు" అంది బిడ్డ.

ఇంతలో మనవరాలు తనకు ఒంటికి వస్తుందంది. మా బిడ్డ వెంటనే తమ్ముణ్ని కారు ఆపమంది. పిల్లను ఎత్తుకుని దిగి, చెట్టు నీడలో ఎంత సేపైనా కానిమ్మన్నట్టు నిలబడింది. తిరిగి వచ్చాక పిల్లకు మళ్లీ నీళ్లు తాగించి, మూత బిగించింది. మా అత్త ఎప్పుడు పోయిందో నేను ఆ రోజే తేల్చాను. ఆ ప్రయాణం మా బిడ్డకు ఎప్పుడు అయిపోతుందో ఇన్నేళ్లయినా నా లెక్కకు అందలేదు.