తలమీద దీపం, కడుపులో మట్టగిడస

ఆ రోజుల్లో భయపడటానికి మాకు పెద్ద కారణాలేమీ అక్కర్లేదు, ఒక చేప పేరు చాలు. మాది బాగేపల్లి పక్క పరగోడు. ఊళ్ళో మా యింటివాళ్ళని మట్టగిడసోళ్ళు అంటారు. ఎప్పుడో కరువులో చెరువు ఎండిపోయి ఊరు ఖాళీ అవుతుంటే, పగుళ్ళిచ్చిన బురదలో ఒక మట్టగిడస బతికి కదులుతూ కనిపించిందట. అక్కడ తవ్వితే నీళ్ళు పడ్డాయట. ఆ నీళ్ళు తాగి బతికిన మా ముత్తాతల ముత్తాత, మా వంశంలో ఎవరూ ఇక ఆ చేపను తినరని మొక్కుకున్నాడు. ఆయన మొక్కుకొని పోయాడు, చిక్కంతా మాకొచ్చింది. తినకూడదు, చంపకూడదు, ఇంట్లో దాని పేరెత్తకూడదు (మా నాయనను కన్న అవ్వ దాన్ని "పెద్దాయన" అనేది). ఇన్ని కట్టుబాట్లున్న మా యింట్లో ఆ చేప ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. పేరే ఎత్తని దాని మొహం ఎవరు చూపిస్తారు? అందుకని మా నాయన తెలివిగా అసలు ఏ చేపనూ గడప దాటి రానిచ్చేవాడు కాదు.

అలాంటి ఇంట్లో పుట్టిన నాకు డిగ్రీ అయ్యాక దొరికిన మొదటి పని ఏమిటంటే, చింతామణి చుట్టుపక్కల చెరువులు తిరిగి, చేపల ఫోటో కార్డులు వలేసేవాళ్ళకు చూపించి, వాటిని మన పక్క ఏమంటారో, దేనికి వాడతారో ఫారంలో నింపడం. మూడు నెలల సర్వే. చింతామణిలో గది తీసుకున్నాను. ఒక ఆదివారం ఓనరమ్మ కొర్రమీను పులుసు పంపింది. పేరు వేరే కదా, మనకేం భయం అని తిన్నాను. తినడంతో ఆగానా, గిన్నె పట్టుకొని పోయి "ఇంకొంచెం ఉండాదా ఆంటీ?" అని అడిగాను కూడా. రెండు రోజుల తర్వాత ఒక చెరువుగట్టు మీద, వలేసే తాత నా చేతిలోని పద్నాలుగో కార్డు తీసుకొని నవ్వాడు.

"ఇది కొర్రమీను కదమ్మా. మీ బాగేపల్లి పక్క పాతోళ్ళు దీన్నే మట్టగిడస అంటారు."

"రెండూ వేరే వేరే కాదా తాతా?"

"యాడ వేరే? పేర్లు రెండు, చేప ఒకటే. యేమ్మా, అట్ల కూచో. మొగం అట్లయిపాయ."

కూర్చున్నాను. ఫారంలో "వాడుక" అనే గడిలో చెయ్యి దానంతటదే "భయానికి" అని రాసింది. కొట్టేసి "పులుసుకు" అని రాశాను. ఆ రాత్రి నుంచి గొంతులో లేని ముల్లు గుచ్చుకోవడం మొదలైంది. చర్మం దురద పెడితే పొలుసులేమోనని దీపం దగ్గరికి పోయి చూసుకునేదాన్ని. అన్నిటికంటే పెద్ద భయం ఇంకోటుంది. పెద్దాయన్ని తిన్నవాళ్ళ తలమీద దీపం నిలవదని అవ్వ చిన్నప్పటి నుంచీ చెప్పేది. మా ఊరి జాతర ఆ వారమే. బియ్యప్పిండి, బెల్లం కలిపిన తంబిట్టు ముద్దలో నెయ్యి పోసి, ఒత్తి వెలిగించి, చుట్టూ చామంతులు గుచ్చి, తట్టలో పెట్టి తలమీద మోసుకుంటూ ఆడవాళ్ళు అమ్మవారి గుడికి పోవాలి. ఏ ఇంటి దీపం దారిలో ఆరితే ఆ ఇంట్లో తప్పు జరిగినట్టు. ఏడాది పొడుగునా ఊరంతా ఆ తప్పేమిటో ఆరా తీస్తుంది. ఆ ఏడు మా యింటి దీపాలు మోయాల్సింది అవ్వ, నేను. మా నాయన తలెత్తుకొని తిరగడం నా కడుపులోని రెండు గిన్నెల పులుసు మీద ఆధారపడి ఉంది.

జాతర పొద్దున అవ్వ తంబిట్టు కలుపుతుంటే పక్కన కూర్చుని గుడ్లనీళ్ళు కుక్కుకుంటూ చెప్పేశాను.

"అవ్వా, నేను పెద్దాయన్ని తినేసినా. తెలీకుండా."

తిడుతుందనుకున్నాను. అవ్వ వాకిలివైపు చూసి గొంతు తగ్గించింది. "యెట్లుంటాడే చూసేకి?"

సంచిలోంచి కార్డు తీసిచ్చాను. చేతులు తుడుచుకొని, ముందు దండం పెట్టి, తర్వాత వెలుతురులో పట్టుకొని చూసింది. చాలాసేపు చూసింది. ఆమె మొహం బియ్యప్పిండిలా తెల్లబడింది.

"ఇది మా పుట్టింటి హొసూరు బురద చేప గదే. మా యమ్మ పులుసు చేస్తాండె."

"అది నీ పెండ్లి కాకముందు కదా అవ్వా. అప్పుడు నువ్వు మట్టగిడసోళ్ళ మనిషివి కాదు."

"పురిటికి పోయినప్పుడూ తింటి. మీ నాయన కడుపులో ఉండె."

(అంటే గడప దగ్గర నిలబడి చేపల్ని అడ్డుకునే మా నాయన, పుట్టకముందే పని కానిచ్చాడన్నమాట.) నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. అవ్వ కార్డును నా ఒళ్ళోకి తోసేసి, దానికి మళ్ళీ దండం పెట్టింది. నా జన్మలో ఆమె భయపడటం చూడలేదు. ఆమెకే భయమైతే ఇక నేను ఎవరి వెనక దాక్కోవాలి?

"ఇన్నేండ్లు దీపం మోస్తివి కదా అవ్వా, ఒక్కసారన్నా ఆరిపాయనా?"

"అప్పుడు తెలీదు కదమ్మా. తెలిసి మోసేది ఈ పొద్దే."

పొద్దు వాలేటప్పటికి తప్పెట్లు మొదలయ్యాయి. తలమీద దీపం మోసేవాళ్ళకున్న కష్టమేమిటంటే, ఎవరి దీపం వాళ్ళకు కనిపించదు. పక్కనున్నవాళ్ళు చెప్పాల్సిందే. మేమిద్దరం భుజాలు రాసుకుంటూ నడిచాం. "ఉండాదా అవ్వా?" "ఉండాది. నాది?" "ఉండాది." పది అడుగులకోసారి ఇదే మాట. పాలడెయిరీ మలుపు దగ్గర ఈదురుగాలి కొట్టింది. అవ్వ ఒక చేత్తో తన తట్ట పట్టుకొని, రెండో చెయ్యి నా దీపానికి అడ్డం పెట్టింది. గుడి దాకా ఆ చెయ్యి దించలేదు. అడిగినప్పుడల్లా "ఉండాది, నడువు" అంది. నా కాళ్ళకు కొంచెం కొంచెంగా ప్రాణం వచ్చింది.

గుడి మెట్ల దగ్గర తట్ట దించి చూస్తే నా ఒత్తి నల్లగా, చల్లగా ఉంది. ఎవరూ చూడకముందే అవ్వ తన దీపం వంచి నా ఒత్తి వెలిగించింది.

"యెప్పుడు ఆరిపాయ అవ్వా?"

"ఆ మలుపులోనే. చెప్తే ఆడ్నే పడిపోతావని చెప్పలే."

"అయితే పెద్దాయన?"

"గాలి మే అది. పెద్దాయనకు నీ పులుసు తప్ప వేరే పనే లేదా?" అంది. అని, అమ్మవారి ముందు మాత్రం ఎప్పటికంటే చాలాసేపు నిలబడి చెంపలు వేసుకుంది. ఇంటికొచ్చాక ఆ కార్డు అడిగి తీసుకుంది. మళ్ళీ ఇవ్వలేదు. సర్వే ఆఫీసువాళ్ళకు కార్డు పోయిందని చెప్పాను.

అవ్వ పోయి ఐదేళ్ళయింది. పోయిన జాతరకు నా కూతురు మొదటిసారి మా పుట్టింటి దీపం మోసింది. దాని వయసు పిల్లలకు ఏ చేపైనా ఫోనులో కనిపిస్తుంది, వాళ్ళకు భయమేమిటి అనుకున్నాను. కానీ పాలడెయిరీ మలుపు తిరగ్గానే దాని గొంతు సన్నబడింది. "ఉండాదా మా?" అంది. నా చెయ్యి అప్పటికే దాని దీపానికి అడ్డంగా ఉంది.

"ఉండాది, నడువు" అన్నాను, పైకి చూడకుండానే.