వీపు ఉన్న సీటు

నాలుగేళ్లప్పుడు మా అమ్మాయికి మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ నడుము నిలవలేదు. కసరత్తు చేయించడానికి రోజూ నార్కట్‌పల్లి దవాఖానకు తీసుకెళ్లాలి. మా ఊరికి బస్సు లేదు. ఉన్నదల్లా నా సైకిలే.

సైకిల్ షాపు చాచా రెండు సీట్లు చూపించాడు. ఒకటి ముందు కడ్డీకి బిగించే చిన్న సీటు, ఆనుకోవడానికేమీ లేదు. రెండోది క్యారియర్ మీద పెట్టేది, ఎత్తయిన ఇనుప వీపు ఉంది.

"బిడ్డ కూసుంటదా?" అని అడిగాడు.

"పట్టుకుంటేనే కూసుంటది చాచా."

"గట్లయితే ఎనకదే తీస్కో."

అదే తీసుకుని, పిల్లను కండువాతో సీటుకు కట్టాను. మూడోరోజు గతుకుల దారిలో "నాయినా" అని సన్నటి మూలుగు వినిపించి వెనక్కి చూశాను. పిల్ల పక్కకు జారి కండువాకు వేలాడుతోంది. మడమ చక్రానికి ఒరుసుకుని తోలు లేచిపోయింది. ఎంతసేపటి నుంచి అట్లా ఉందో తెలియదు. గట్టిగా ఏడ్చే బలం కూడా దానికి లేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుని నేనే ఏడ్చాను.

ఆ రోజే సీటు మార్చమన్నాను.

"గీ దానికి ఆనుకునేది లేదు, పడ్తది" అన్నాడు చాచా.

"నా రొమ్ముకు ఆనిచ్చుకుంట. కండ్ల ముందటుంటే సాలు."

ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో హ్యాండిల్ తిప్పుతూ ఏడాది తొక్కాను. పిల్లకు నడక రాలేదు. ఒకరోజు మాత్రం ఉన్నట్టుండి నా రొమ్ము మీద బరువు తెలియలేదు. ముందుకు వాలిపోయిందేమోనని బ్రేకు నొక్కాను. చూస్తే, హ్యాండిల్ పట్టుకుని తనంతట తానే కూర్చుని ఉంది.