తాటిమోడులో పాలపిట్టలు

2022 మే నెల. మాచర్ల వైపు ఒక పల్లెలో నేను లైన్‌మన్‌గా చేస్తున్నాను. లైన్‌మన్ అంటే కరెంటు పోయినప్పుడు మాత్రమే జనానికి గుర్తొచ్చే మనిషి. ఉన్నంతసేపూ ఎవరికీ కనపడడు. ఇరవై రెండేళ్ళుగా స్తంభాలెక్కుతున్న నాకు రోజూ కనిపించే తోడు పాలపిట్టలే.

కూర్చున్నప్పుడు పాలపిట్ట మట్టిరంగులో మామూలుగా ఉంటుంది. ఎగిరిందంటే రెక్కల్లో దాచిన నీలమంతా బయటపడుతుంది. తీగ మీద కదలకుండా కూర్చుని దుక్కిలో మిడత కదలగానే కిందికి వాలి, పట్టుకుని, మళ్ళీ అదే చోటికి వచ్చి, దాన్ని తీగకేసి రెండు దెబ్బలు కొట్టి మింగుతుంది. జత కట్టే రోజుల్లో మగది పైకెగిరి, గింగిరాలు తిరుగుతూ, గొంతు చించుకుంటూ కిందికి దిగుతుంది. అందమంతా రెక్కలకే పోయింది, గొంతుకు ఏమీ మిగల్లేదు. అయినా నాకు ఆ పిట్టంటే చాలా ఇష్టం.

ఏటా గాలివానలకు ముందు లైను పక్కనున్న కొమ్మలూ మోడులూ కొట్టేస్తాం. ఆ ఏడు కోటమ్మ అనే ముసలామె చేలో తల లేని తాటిమోడు ఒకటి పదకొండు కేవీ లైను వైపు ఒరిగి ఉంది. పదకొండు కేవీ అంటే ఊళ్ళోని ట్రాన్స్‌ఫార్మర్లకు కరెంటు తెచ్చే పెద్ద లైను. దాని మీద మోడు పడితే తీగ తెగుతుంది, తెగిన తీగ కింద ఎవరుంటే వాళ్ళ ప్రాణం పోతుంది. ఆ పొద్దునే కొట్టేయమని మా సెక్షన్ ఇంజనీరు చెప్పారు. నేనూ జూనియర్ లైన్‌మన్ ఖాజా తాళ్ళూ రంపమూ తీసుకుని వెళ్ళాం.

కోటమ్మ మోడుకు ఆనుకుని కూర్చుని ఉంది. మిరప కోతలు ఎప్పుడో అయిపోయాయి. ఖాళీ చేలో ఆమెకు పనేమీ లేదు, మమ్మల్ని ఆపడానికే వచ్చింది. పైన తొర్రలో పాలపిట్ట పిల్లలున్నాయని, నాలుగైనా ఉంటాయని, ఇంకా రెక్కలు రాలేదని చెప్పింది. పదిహేను రోజులు ఆగమంది. రాత్రే గాలిదుమారం వచ్చిందని, పదిహేను రోజులు కాదు పదిహేను గంటలు కూడా పూచీ ఇవ్వలేనని నేను చెప్పాను.

ఆమె లేవలేదు. "దసరా నాడు ఈ పిట్ట కనపడితే చాలని జనమంతా చేలెంబడి తిరుగుతారు గదా అబ్బాయ్. మొక్కేదానికి ఒక రోజూ, కొట్టేదానికి ఒక రోజూనా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంజనీరుకు ఫోన్ చేస్తే ఏమంటారో తెలుసు కాబట్టి చేయలేదు. కాసేపు పైకి చూసి, తొర్ర ఉన్న ముక్కను పిల్లలతో సహా కోసి దించి, పక్కనున్న పాత స్తంభానికి కడదామన్నాను. తీగలు తీసేశాక ఆ స్తంభం ఉత్తదే నిలబడి ఉంది. ఖాజా నా మొహం వంక చూశాడు గానీ తాళ్ళు విప్పాడు.

సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకున్నాను. అంటే అక్కడి ఆపరేటర్ లైను ఆపి, పని చేసుకోమని ఇచ్చే అనుమతి. మేం తిరిగి ఇచ్చేదాకా ఎవరూ స్విచ్ వేయరు. గంటన్నర ఇచ్చాడు. ఊళ్ళో మంచినీళ్ళ మోటారుకూ అదే లైను, ఎక్కువసేపు ఆపలేనన్నాడు.

మోడును అవతలి వేపచెట్టుకు తాడుతో బిగించి, నిచ్చెన వేసి ఎక్కాను. తొర్ర నోట్లో తువ్వాలు కుక్కాను. లోపల కిరకిరమంటున్నాయి. గూటిలోంచి వచ్చిన కంపు ఇప్పటికీ గుర్తుంది. తొర్ర ఎంత లోతుందో తెలియదు, రంపం ఒక జానెడు పైన పడితే పిల్లల్నే కోసేస్తాను. వేలి కణుపుతో కొట్టుకుంటూ కిందికి వచ్చి, బోలుగా మోగడం ఆగిన చోటికి ఇంకో జానెడు కింద రంపం పెట్టాను. పై ముక్కకు కట్టిన తాడును ఖాజా కింద పట్టుకుంటే, మెల్లగా కోశాను.

ముక్క క్షేమంగా దిగింది. తువ్వాలు తీసి చూస్తే నాలుగు పిల్లలు, ఒళ్ళంతా ముళ్ళలాంటి ఈకలతో, చూడ్డానికి ఏమంత బాగాలేవు. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నారు కదా, కోటమ్మకూ ముద్దే, బుగ్గలు పుణుకుతున్నట్టు గాల్లోనే వేళ్ళు ఆడించింది. ముక్కను పాత స్తంభానికి ఇనప తీగతో కట్టి, మిగిలిన మోడును పడగొట్టాం.

తల్లీ తండ్రీ వచ్చాయి. నోట్లో పురుగుతో, మోడు లేని ఖాళీ గాలిలో ఒకటే తిరగడం, అరవడం. ఇరవై అడుగుల అవతలున్న గూడు వాటికి కనపడలేదు. పావుగంట గడిచింది. లోపల పిల్లలు అరుస్తూనే ఉన్నాయి. ఆపరేటర్ ఫోన్ చేసి ఇంకెంతసేపన్నాడు. చేసిందంతా వృథా అయిందనుకున్నాను, నిజంగా ఏడుపొచ్చింది.

కోటమ్మ స్తంభం చుట్టూ తిరిగి వచ్చింది. "దాని వాకిలి తూరుపు దిక్కు గదా ఉండేది. మీరు పడమటికి పెడితిరే. రోజూ పోయే ఇల్లు తిరగబడితే నువ్వైనా ఎట్టా పోతావు?"

నిచ్చెన ఆ వైపు వేసుకున్నాం, నోరు మా వైపుంటే కట్టడం సులువు. అందుకని అలా కట్టాం, అంతే. పైగా మధ్యాహ్నం పడమటి ఎండ నేరుగా తొర్రలో పడి ఉంటే పిల్లలు మాడిపోయేవి. ఆపరేటర్‌ను ఇంకో పది నిమిషాలు బతిమాలుకుని, మళ్ళీ ఎక్కి, తీగ విప్పి, తొర్రను తూర్పుకు తిప్పి కట్టాను. దిగి లైన్ క్లియర్ తిరిగి ఇచ్చేశాను. అప్పటికీ పిట్టలు రాలేదు.

ఆ రోజు అన్నం సయించలేదు. సాయంత్రం కోటమ్మ మనవరాలి ఫోన్ నుంచి మాట్లాడింది. "ఒకటి మిడతను పట్టుకొచ్చి లోపలికి పోయిందయ్యా. రెండోది స్తంభం మీద కూసుంది. నువ్వు తిను ఇంక." నేను తినలేదని ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

వారానికి ఇంజనీరు వచ్చి ఆ ముక్కను చూసి ఏందిదన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చాలాసేపు పైకి చూసి, ఈసారి చెప్పి చేయమని మాత్రం అన్నారు. జూన్‌లో మూడు పిల్లలు ఎగరడం కోటమ్మ కళ్ళారా చూసింది. నాలుగోదీ ఎగిరే ఉంటుందని ఆమె నమ్మకం, నాదీ అదే.

ఇప్పుడు ఏ మోడు కొట్టాలన్నా ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, తట్టి, చెవి ఆనించి వింటాను. పావుగంట పని. ఖాజాకూ అదే నేర్పాను. అంతకుముందు ఇరవై రెండేళ్ళలో ఎన్ని మోడులు కొట్టానో మా రిజిస్టర్లలో ఉంటుంది. వాటిలో ఎన్నింటిలో పిల్లలున్నాయో నాకు తెలియదు, ఒక్కదాని చుట్టూ అయినా తిరిగి చూడలేదు.