ఒక్క బొమ్మా చెదరని పైడిరత్నం గారి నోట్సు

మా జూనియర్ కళాశాల వృక్షశాస్త్ర అధ్యాపకురాలు పైడిరత్నం గారు ఇక లేరన్న వార్త, కృష్ణదేవిపేట నుంచి షేర్ ఆటోలో నర్సీపట్నం వస్తుండగా ఫోన్‌లో తెలిసింది. దిగ్భ్రాంతిలో దిగవలసిన చోట దిగడం మరిచాను. పదేళ్లు ఆమెతో ఒకే గదిలో పనిచేశాను. ఆ పదేళ్లూ ఆమెను చూసి అసూయపడ్డాను. సంస్మరణలో అసత్యం తగదు కనుక ముందే చెబుతున్నాను.

మన్యంలోని మొక్కలకు కొండవాళ్లు పెట్టుకున్న పేర్లు, ఫొటోలు సేకరించడం మా ఇద్దరి వ్యాసంగం. కంప్యూటర్‌లో మార్క్‌డౌన్ అనే ఉత్త అక్షరాల పద్ధతిలో నోట్సు రాసేవాళ్లం. అందులో బొమ్మ నోటులో ఇమిడి ఉండదు. అది ఏ ఫోల్డరులో ఉందో ఆ దారి మాత్రమే ఉంటుంది. నేను నా కంప్యూటర్ సి డ్రైవ్ మొదలుకొని ఆ దారంతా రాసేవాణ్ణి. ఆమె ప్రతి నోటు పక్కనే ‘బొమ్మలు’ అని చిన్న ఫోల్డరు పెట్టుకొని, ఆ నోటు దగ్గర నుంచే దారి రాసేవారు. నాకది చాదస్తంగా తోచేది.

ఒకసారి కళాశాలలో మా సేకరణను ప్రదర్శించాం. పేర్లు చెప్పిన కొండవాళ్లే ముఖ్య అతిథులు. కళాశాల కంప్యూటర్‌లో నా నోట్సు తెరిస్తే ఒక్క ఫొటో రాలేదు.

“మా అడ్డాకు తీగేదండి బాబూ? కాళీ గళ్లే అవుపడతన్నాయి,” అన్నాడొక వృద్ధుడు.

తరువాత ఆమె పెన్‌డ్రైవ్ పెట్టారు. తీగ, పువ్వు, కాయ అన్నీ వచ్చాయి. వాళ్లు లేచి తెర దగ్గరకే వెళ్లిపోయారు. నా హృదయం దగ్ధమైంది.

“దారి మీ ఇంటి గుమ్మం కాణ్ణించి రాసేరండి మాస్టారూ. ఇల్లు మారితే అదెవుళికి పనికొస్తాది? నోటు కాణ్ణించి రాయండి. రేపట్టుకురండి, బేగి సరిసేసేద్దాం,” అన్నారామె.

“అక్కర్లేదండి,” అన్నాను. రెండేళ్లు అదే పట్టు.

ఆ వృద్ధుడు కాలం చేశాక ఆయన కూతురు, తీగ పేరు చెప్పిన రోజు నేను తీసిన తండ్రి ఫొటో కోసం వచ్చింది. నా నోటులో ఆయన పేరుంది, ఫొటోకు రాసిన దారి ఎక్కడికీ పోదు. కంప్యూటర్ మార్చినప్పుడు ఫైళ్లన్నీ కలగాపులగమయ్యాయి. సిగ్గు చంపుకొని పైడిరత్నం గారింటికి వెళ్లాను. అప్పటికే ఆమె వైద్యం చేయించుకుంటున్నారు. మంచం మీదే కూర్చొని, మూడు మధ్యాహ్నాలు ఒక్కొక్క ఫొటోనూ నోటుతో సరిచూశారు. “ఏటండి, ఇంతాలీసం సేసేరు,” అన్నారు, అంతే. చివరికి వృద్ధుడి ముఖం తెర మీదికి వచ్చింది. లాప్‌టాప్ నా వైపు తిప్పారు.

“మీరు తీసిన ఫొటో కదండీ. మీరే ఇవ్వండి.”

ఆ ఔదార్యం కూడా నాకు లేనిదే అని మరింత కుమిలాను.

కర్మకాండ ముగిశాక ఆమె కుమార్తె ఆ నోట్సంతా నాకు అప్పగించింది. భక్తితోనే తెరిచాను. కాసేపటికి తెలిసింది, నేను వెతుకుతున్నది రాని బొమ్మ ఒక్కటైనా దొరుకుతుందేమోనని. సాయంత్రం దాకా వెతికాను. అన్నీ వచ్చాయి.

ఆ విద్వత్తుకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆమె కుర్చీలోకి ఎవరో ఒకరు వస్తారు. నేను అసూయపడదగినవారు మాత్రం ఇక రారు.