జడ్జిగారికి టీచరుగారు చెప్పిన మాట

మా కింది ఫ్లాటులో ఉండే టీచరుగారు పోయిన మంగళవారం కన్నుమూశారు. ఢిల్లీ మయూర్ విహార్‌లో తెలుగు పిల్లలు చాలామంది ఆవిడ దగ్గరే అక్షరాలు దిద్దారు. ఆవిడ గురించి రాసే అర్హత నాకు అందరికంటే తక్కువ. ఐదేళ్ళు అవే మెట్ల మీద ఎదురుపడుతూ కూడా నేనావిడను పలకరించలేదు.

నేనూ మావారూ విడిపోయినప్పుడు మా అమ్మాయికి ఏడేళ్ళు. పిల్ల నాకంటే నాకని ఇద్దరం కోర్టుకెక్కాం. నేను ఆఫీసు నుంచి రెడ్‌లైన్ బస్సులో వేలాడుతూ ఇల్లు చేరేదాకా పిల్ల టీచరుగారింట్లోనే ఉండేది. ఆవిడ దానికి అన్నం పెట్టి, హోంవర్కు చేయించేవారు. మా గొడవ గురించి మాత్రం దాన్ని ఒక్క మాటా అడిగేవారు కారు. "అడిగితే ఎవరో ఒకరి పక్షం మాట్లాడాలి కదమ్మా అది" అనేవారు.

జడ్జిగారు పిల్లతో స్వయంగా మాట్లాడతారని తెలిసింది. నాన్న కొడతాడని చెప్పమని దానికి నేర్పాను. ఆయన ఎన్నడూ దాని మీద చెయ్యెత్తిన మనిషి కాదు. వారం తిరక్కుండానే పిల్ల పక్క తడపడం మొదలుపెట్టింది. టీచరుగారు పైకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు.

"నాన్నని పోలీసులు తీసుకుపోతారా అని అడిగిందమ్మా నన్ను. దానిచేత ఆ మాట చెప్పించకు."

మా ఇంటి సంగతి మీకెందుకన్నాను.

వాయిదా రోజు పిల్ల ఆవిడ చెయ్యి వదల్లేదు, అందుకని ఆవిడా కోర్టుకు వచ్చారు. జడ్జిగారి గదిలో పిల్ల నోరు విప్పకపోతే ఆయన టీచరుగారినే అడిగారట. తండ్రి కొట్టడని, తల్లి కూడా ప్రాణంగా చూసుకుంటుందని, పిల్లను మాత్రం ఇంకోసారి అక్కడికి పిలిపించొద్దని ఆవిడ వచ్చీరాని హిందీలో చెప్పారని మా వకీలు చెప్పాడు. నేను నేర్పిన సంగతి బయటపెట్టలేదు. పిల్ల నా దగ్గరే ఉండాలని, ఆదివారాలు తండ్రి దగ్గరికి పంపాలని తీర్పు వచ్చింది.

అయినా ఆవిడ నన్ను ఓడించినట్టే పగబట్టాను. పిల్ల మాత్రం కిందికి వెళుతూనే ఉండేది. నా గురించి ఆవిడ దానితో ఒక్క చెడ్డ మాటా అనలేదు.

మొన్న వేసవిలో ఆవిడ మంచం పట్టారని విని ఒకసారి తలుపు దాకా వెళ్ళాను. లోపల ఎవరివో మాటలు వినిపించాయి. రేపు చెప్పుకోవచ్చులే క్షమాపణ అనుకుని వెనక్కి వచ్చేశాను.

నిన్న ఆవిడ చెల్లెలు బట్టలు సర్దడానికి సాయం అడిగితే నేనూ అమ్మాయీ వెళ్ళాం. దానికిప్పుడు పన్నెండేళ్ళు. ముఖం చూసే ధైర్యం లేక బీరువా వైపు చూస్తూ అన్నాను, "అప్పుడు మీ నాన్న మీద నీకు అబద్ధం నేర్పాను."

"ముఝే యాద్ హై, అమ్మా, గుర్తుంది" అంది.

అది ఓ వెలిసిపోయిన నేత చీర విప్పి, ఒక కొస తను పట్టుకుని, రెండో కొస నా వైపు చాచింది.