చిన్నమ్మ చేతుల తడి

మొన్న నంద్యాలలో మందుల షాపతను పొటాషియం పర్మాంగనేట్ పలుకులు పొట్లం కడుతుంటే, ఒక పలుకు తడి బల్ల మీద పడి ఊదారంగు గీతగా పారింది. డెబ్బైల చివర్లో, ఆళ్లగడ్డలో మా పెరట్లో, అదే రంగు నీళ్లలో చేతులు ముంచుకుని కూర్చున్న దయామణి చిన్నమ్మ కళ్ల ముందు నిలిచింది.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. మా ఇంట్లోనే ఉంటూ వీధి చివరి బడిలో పాఠాలు చెప్పేది. ఎండాకాలంలో మా వీధి పిల్లలందరి వీపుల మీదా చెమటకాయలు పేలేవి. అమ్మ తాటిముంజల నీళ్లు పూస్తే చల్లబడి, మొదటి వానకు మానిపోయేవి. చిన్నమ్మ చెమట మాత్రం ఏ కాలానికీ ఆగేది కాదు. డిసెంబరు చలిలో కూడా అరచేతుల నుంచి బొట్లు కారేవి. నల్లబండల మీద ఆమె నడిచిన చోటల్లా తడి పాదాల అచ్చులు పడేవి, చేతిలో సుద్దముక్క మెత్తబడి పిండయ్యేది, ఆమె అల్లిన నా జడ బడికి పోయేదాకా చెమ్మగానే ఉండేది. పటిక నీళ్లు, తుమ్మచెక్క కషాయం, ఎవరేది చెప్తే అది వాడింది. ఏదీ పనిచేయలేదు.

ఒక వానాకాలం ఆ తడికి వేళ్ల సందులు ఒరుసుకుపోయి, తెల్లగా నాని, చర్మం పొరలుగా ఊడింది. బడి పిల్లల తల్లులు చూశారు.

"ఆయమ్మకు పెద్దరోగం వచ్చిండాదంట. మా పిల్లోల్లను ఎట్ల పంపేది?" అని ఒకామె మా వాకిట్లోనే నిలబడి అనింది. పెద్దరోగమంటే కుష్టు.

నాయన చిన్నమ్మనూ, తోడుగా నన్నూ బస్సెక్కించి నంద్యాల తీసుకుపోయాడు. డాక్టరు ఆమెను కళ్లు మూసుకోమని, దూదితో తాకి, సూదిమొనతో గుచ్చి చూశాడు. కుష్టయితే తాకినా, గుచ్చినా తెలియదంట. తాకిన ప్రతిచోటునూ చిన్నమ్మ సరిగ్గా చెప్పింది.

"కుష్టు కాదమ్మా. చెమట తడికి తామర పట్టింది. రోజూ ఈ మందునీళ్లలో చేతులు పెట్టు, మానుతుంది. చెమటను ఆపడం మాత్రం నా వల్ల కాదు," అన్నాడు.

తిరుగు బస్సులో చిన్నమ్మ నా చెయ్యి వదలకుండా, కిటికీలోంచి పొలాలు చూస్తూ నవ్వుకుంది.

కొన్నాళ్లకు పుండ్లు మానాయి. కానీ ఆ ఊదారంగు మందు ఆరి ఆమె వేళ్లకు, గోళ్లకు ముదురు గోధుమరంగు పట్టించింది. అంతవరకూ అనుమానపడ్డవాళ్లు ఆ రంగు చూసి నిజమేననుకున్నారు. నాయన ఇంటింటికీ పోయి డాక్టరు మాట చెప్తే, "నిజం యాడ చెప్తారప్పా డాక్టర్లు?" అన్నారు. బడిలో ఆమె తరగతి ఖాళీ అయింది. క్రిస్మస్‌కు ఆమె వత్తిన కజ్జికాయలను యాలకులు, బెల్లం, కొబ్బరి వాసనలతో వేడివేడిగా ఇరుగుపొరుగుకు పంచితే, మరునాడు వాటిని దిబ్బ మీద కుక్కలు తింటున్నాయి.

ఆ ఆదివారం చర్చిలో అందరూ ఒకరి తర్వాత ఒకరు తాగే ప్రభు సంస్కారం ద్రాక్షరసం గిన్నె ఆమె దగ్గరికి వచ్చేసరికి పక్కనామె లేచి పోయింది. పాస్టరు వంగి, "నువ్వు అందరి తర్వాత తీసుకోమ్మా," అన్నాడు.

"వద్దులే అయ్యా," అని చిన్నమ్మ ఇంటికొచ్చేసింది. పెరట్లో కూర్చుని ఇటుకముక్కతో చేతులు రుద్దుతుంటే నెత్తురొచ్చింది. అమ్మ పరుగెత్తి ఇటుక లాక్కుంది.

"ఏందే ఇది! తోలంతా ఊడబెరుక్కుంటాండావ్."

"రంగు పోతాదేమోనక్కా."

మళ్లీ ఆమె చర్చికీ పోలేదు, బడికీ పోలేదు. ఎనభైల మధ్యలో కామెర్లతో పోయింది. స్నానం చేయించడానికి ఊళ్లోంచి ఒక్కరూ రాలేదు. అమ్మా, నేనూ చేయించాం. తుడవబోతే ఆ అరచేతులు పొడిగా ఉన్నాయి. నాకు తెలిసి అదే మొదటిసారి.

మా అమ్మాయికీ అదే చెమట. నీళ్లలో చేతులుంచి సన్నటి కరెంటు పంపే వైద్యంతో దానికి చాలావరకు తగ్గింది. ఆ బడి ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణాలున్నాయి. అమ్మ లేదు, నాయన లేడు. చిన్నమ్మ చేతులు పట్టుకుని నడిచినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే.